అప్పుడప్పుడు పోయే శబ్దం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇంజనీరువి కదా, పిల్లలకు పనికొచ్చేది ఏదైనా చెప్పు" అన్నారు మన సంఘం పెద్దలు. పెద్ద పెద్ద యంత్రాల గురించి చెప్పగలిగినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను ఇంట్లో పాటలు వినే రిసీవర్ గురించి చెబుతాను. అందులోనూ ఒకే ఒక జబ్బు గురించి: శబ్దం ఉన్నట్టుండి పోవడం, మళ్లీ దానంతటదే రావడం.

పూర్తిగా మూగబోయిన సెట్టును బాగుచేయడం తేలిక. మీటరు ఎప్పుడు పెట్టినా అదే సమాధానం చెబుతుంది. వచ్చిపోయే తప్పు అలా కాదు. మెకానిక్ ముందు బుద్ధిగా ఉంటుంది, ఇంటికి రాగానే మళ్లీ మొదలుపెడుతుంది. దాంతో ఫిర్యాదు చేసిన మనిషి మాటకే విలువ పోతుంది.

మా మేనమామగారికి అదే జరిగింది. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. తెల్లవారుజామున ఐదింటికి లేచి, ఇంట్లోవాళ్ల నిద్ర చెడకుండా బాగా తక్కువ సౌండులో రేడియో వింటారు. పాతికేళ్ల నాటి స్టీరియో రిసీవర్, రెండు స్పీకర్లు. ఎడమవైపు శబ్దం అప్పుడప్పుడు పోతోందని చెప్పారు. రెండుసార్లు షాపుకు పట్టుకెళ్లారు. రెండుసార్లూ "సెట్టు బ్రహ్మాండంగా ఉంది" అని తిరిగిచ్చారు. ఇక అందరూ ఆయన చెవుల మీద పడ్డారు. డాక్టరు పరీక్ష చేసి వినికిడి బాగానే ఉందన్నా పిల్లలకు నమ్మకం కుదరలేదు. ఆయన చెప్పడం మానేశారు. నేను వెళ్లేనాటికి రేడియో పెట్టడమే మానేశారు.

నేను ముందు స్క్రూడ్రైవరు తీయలేదు. "మామయ్యా, ఎప్పుడు పోతుంది? ఏం చేస్తే వస్తుంది?" అని అడిగాను. "తక్కువలో పెట్టినప్పుడే పోతుందిరా. ఒకసారి పెంచి తగ్గిస్తే వస్తుంది" అన్నారు. సగం రోగం ఆ మాటలోనే ఉంది. షాపులో ఎవరైనా సౌండు పెంచే పరీక్షిస్తారు. పెంచగానే ఈ తప్పు మాయమవుతుంది. అంటే ఆయనా నిజమే చెప్పారు, షాపువాళ్లూ నిజమే చెప్పారు.

ఇక పరీక్షలు. నియమం ఒక్కటే: ఒకసారికి ఒక్కటే మార్చాలి. మొదటి ఉదయం ఎడమవైపు పోగానే సెట్టు ఆపి, ఎడమ కుడి స్పీకర్ల వైర్లు అటూ ఇటూ మార్చాను. తప్పు స్పీకరుదో వైరుదో అయితే దానితోపాటు రెండోవైపుకు వెళ్లాలి. స్విచ్ తీసి వేయడంతో శబ్దం మామూలైపోయింది. మర్నాటిదాకా ఆగాను. మర్నాడు మళ్లీ పోయింది, సెట్టు ఎడమ టెర్మినళ్లలోనే పోయింది. స్పీకర్లు, వైర్లు నిర్దోషులు. రేడియో సెట్టులోనిదే కాబట్టి బయటినుంచి వచ్చే కేబుల్ లేదు. మూడో ఉదయం ఎడమవైపు పోగానే హెడ్‌ఫోన్ పెట్టి విన్నాను. రెండు చెవులకూ చక్కగా వినిపించింది. ఆ సెట్టులో హెడ్‌ఫోన్ దారి, స్పీకరు దారి యాంప్లిఫయర్ తర్వాతే విడిపోతాయి. ఇక మిగిలింది రిలే.

స్విచ్ వేసిన మూడు నాలుగు సెకన్లకు లోపల 'టిక్' మంటుందే, అదే రిలే. యాంప్లిఫయర్ కుదురుకున్నాకే స్పీకర్లను కలిపి, ప్రమాదం వస్తే విడదీస్తుంది. పిల్లలూ, మీ పాఠంలోని శ్రేణి సంధానమే ఇది. దారిలో ఒక్క చోట నిరోధం పెరిగినా శబ్దం అక్కడే ఆగిపోతుంది. రిలే కాంటాక్టుల్లో సాధారణంగా వెండి ఉంటుంది. ఇంట్లో వెండి కుంకుమభరిణ నల్లబడినట్టే అవీ ఏళ్ల తరబడి గాలికి నల్లబడతాయి. తక్కువ సౌండులోని చిన్న వోల్టేజీ ఆ పొరను దాటలేదు. పెంచితే పొర తెగి దారి దొరుకుతుంది.

అదే వోల్టేజీ, అదే రేటింగు ఉన్న కొత్త రిలే తెచ్చి వేశాను. వందల రూపాయల్లో పోయింది. పాతదాని మూత తీసి, నల్లబడిన కాంటాక్టులు ఇంటిల్లిపాదికీ చూపించాను. మావయ్యగారు ఎవరినీ ఏమీ అనలేదు. దాన్ని మాత్రం కళ్లజోడు పెట్టె పక్కన దాచుకున్నారు.

మీ ఇంట్లో లక్షణం వేరుగా ఉండొచ్చు. రెండువైపులా ఒకేసారి 'టిక్' మని పోతే రక్షణ సర్క్యూట్ పనిచేసిందని అర్థం. వైరు చివర విడిపోయిన రాగి పోగు పక్క టెర్మినల్‌కు తగులుతోందేమో, సెట్టుకు గాలి ఆడుతోందో లేదో, స్పీకరు ఓములు సెట్టు వెనక రాసినదానికన్నా తక్కువేమో చూడండి. అరగంట వేడెక్కాకే పోతుంటే సోల్డరు అతుకు పగిలిందేమో చూడాలి. నాబ్ తిప్పినప్పుడు గరగరమంటూ పోతే లోపల మురికి పట్టినట్టు. కాంటాక్ట్ క్లీనర్ చాలు. టీవీకి కలిపిన సెట్టులో బొమ్మ, శబ్దం రెండూ క్షణంపాటు పోతే ముందు హెచ్‌డీఎంఐ కేబుల్ మార్చి చూడండి. చానల్ మార్చినప్పుడు శబ్దం ఒక్కటే పోతుంటే సెట్‌టాప్ బాక్సులో ఆడియోను పీసీఎంకు మార్చండి.

ఒక హెచ్చరిక. వైర్లు మార్చేముందు సెట్టు తప్పనిసరిగా ఆపాలి. ప్లగ్గు పీకినా లోపలి కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలిచే ఉంటుంది. మూత విప్పే పని తెలిసినవాళ్లకే వదిలేయండి. బయటినుంచి చేసే పరీక్షలు మాత్రం మీరే చేయొచ్చు. లక్షణం ఒక కాగితం మీద రాసి మెకానిక్‌కు ఇస్తే అతనికి సగం పని తగ్గుతుంది.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో కర్మాగారాల్లోనూ నేను చూసింది ఇదే. పరికరం ఎంత పెద్దదైనా, వచ్చిపోయే తప్పు గురించి మొదటి సమాచారం దాని పక్కన రోజూ ఉండే మనిషి దగ్గరే దొరుకుతుంది. కాబట్టి పిల్లలూ, ఎవరైనా మీతో "అప్పుడప్పుడు ఇలా అవుతోంది" అంటే "అబ్బే, ఏం లేదు" అనకండి. "ఎప్పుడెప్పుడు?" అని అడగండి.