పురుష హార్మోను చికిత్స: సూదియా, లేపనమా, గుళికయా?

(దేవేంద్ర నగర్‌లో జరిగిన మన సంఘపు మాసిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను వైద్యుడను కాను, ఆర్ట్స్ పట్టభద్రుడను. ఫైళ్లు చదివి నోట్ వ్రాయుట నా వృత్తి. అయినను నలుబది దాటిన మిత్రులు చాటుగా అడుగుచున్న ప్రశ్నను సభాముఖమున చర్చించుట మేలని తలచి, చదివినదానిని, వైద్యుల నడిగి తెలిసికొన్నదానిని మనవి చేయుచున్నాను.

1889లో బ్రౌన్ సెకార్ అను శాస్త్రజ్ఞుడు తన 72వ ఏట జంతువుల వృషణరసమును తనకే సూదితో ఎక్కించుకొని, యౌవనము తిరిగివచ్చెనని ప్రకటించెను. అది భ్రమ. అసలు పదార్థమైన టెస్టోస్టెరాన్ 1935లో గాని చేజిక్కలేదు. దానిని కృత్రిమముగా తయారుచేసిన బుటెనాండ్ట్, రుజిచ్కాలు 1939లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతిని పంచుకొనిరి.

మొదటి ప్రశ్న ఏ మందు అనునది కాదు. మందు కావలెనా అనునది. అలసటకు నిద్రలేమి, మధుమేహము, స్థూలకాయము వంటి కారణములు అనేకము కలవు. లక్షణములు ఉండి, వేర్వేరు దినములలో ఉదయము పరగడుపున చేసిన రెండు రక్తపరీక్షలలోను కొరత తేలిననే చికిత్సకు పూనుకొనవలెను.

ఇక మందు రూపములు. రెండు మూడు వారముల కొకసారి వేయు సూది చవకైనది. కాని దాని నడక మన జీతము వంటిది: మొదటి దినములలో నిండుగా ఉండి, గడువు ముగియునప్పటికి వెలితియగును. ఉత్సాహము కూడ అట్లే ఎగిసి పడును. అండెకనోయేట్ అను సూది ఆరంభమున ఆరు వారముల ఎడముతో రెండు మోతాదులు వేసిన పిమ్మట, 10 నుండి 14 వారముల కొకటి చాలును. నడక నిలకడగా ఉండును. ధర మాత్రము ఎక్కువ.

లేపనము ప్రతిదినము భుజములకు పూసికొనవలెను; సూది బాధ లేదు. అయితే పూసిన చోటు తాకిన భార్యకు, బిడ్డలకు మందు అంటుకొనును. పసివారిలో అకాల యౌవన లక్షణములు కనబడిన సందర్భములు కలవు. తండ్రి భుజమెక్కి ఆడు పిల్లలున్న ఇంట ఇది ఆలోచింపదగినది. చేతులు కడుగుకొని, పూసిన చోటు ఆరిన పిదప వస్త్రముతో కప్పవలెను. చర్మమున కంటించు పట్టీలవలన దురద, మంట కలుగవచ్చును. చర్మము క్రింద అమర్చు గుళికలు మూడు నాలుగు నెలలు పనిచేయును. కాని వికటించినచో వెలికి తీయుట సులభము కాదు. నోటి గుళికలలో పాతదగు మిథైల్ టెస్టోస్టెరాన్ కాలేయమునకు హానికరము. అండెకనోయేట్ గుళికను కొవ్వు కలిగిన భోజనముతో మ్రింగిననే వంటబట్టును.

ఈ రూపములన్నింటికి సమానమైన దోషమొకటి కలదు. ఒక మిత్రుని అనుమతితో, పేరు చెప్పక మనవి చేయుచున్నాను. ఆయన వ్యాయామశాలలో ఎవరో చెప్పిన మాట విని, పరీక్ష లేకయే సూదులు వేయించుకొనెను. సంతానము కలుగలేదని ఏడాదిపాటు పరీక్షలన్నియు ఆయన భార్యకే జరిగినవి. చివరకు ఆయనను పరీక్షింపగా వీర్యకణములే లేవు. బయటినుండి సరకు వచ్చుచున్నదని ఎరిగిన పిట్యూటరీ గ్రంథి వృషణములకు ఉత్తర్వులు నిలిపివేయును; కణముల ఉత్పత్తి ఆగును. సూదులు మానిన పిదప కోలుకొనుటకు నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టును. ఆ దంపతులు ఇంకను వేచియున్నారు. బిడ్డలను కోరువారు ఈ సంగతిని వైద్యునితో ముందే చెప్పవలెను; వారికి వేరు మందులు కలవు.

2023లో వెలువడిన ట్రావర్స్ అధ్యయనమున 5,000 మందికి పైగా పాల్గొనిరి. లేపనము వాడినవారిలో గుండెపోటు, పక్షవాతము వంటివి అధికము కాలేదు. కాని గుండె లయ తప్పుట, ఊపిరితిత్తులలో రక్తము గడ్డకట్టుట కొంత ఎక్కువగా కనబడినవి. కావున ఏ రూపము వాడినను రక్తపు చిక్కదనమును, ప్రోస్టేట్ గ్రంథిని వైద్యుడు తరచు పరీక్షించుచుండవలెను.

ఏది ఉత్తమమని అడిగినచో, మీ ఇంటి స్థితికి, మీ కోరికలకు తగినదే ఉత్తమమని నా నోట్. తుది ఆమోదము వైద్యునిది. కాని ఆ ఫైలు భార్యకు చూపక పంపరాదు.

సెలవు.