పతకములు చూచి పాఠశాల నెన్నవచ్చునా?



పిల్లలను ఏ బడిలో చేర్పింపవలెనను ప్రశ్న నేడు ప్రతి గ్రామమునను పెద్దల ముందునకు వచ్చుచున్నది. గత వేసవిలో నా తమ్ముని కుమారుడు ఒక ప్రైవేటు పాఠశాలవారి కరపత్రమును తెచ్చి, "పెదనాన్నా! గణితపు పోటీలో ఈ బడికి 3 బంగారు పతకములు వచ్చినవట. అరయెకరము అమ్మియైనను అమ్మాయిని ఇందులో చేర్పింతునా?" అని యడిగెను. భూమి యొకసారి చేయిజారిన మరల రాదు. కావున చూచి నిశ్చయింతమని యిరువురమును పోయితిమి.

ప్రధానోపాధ్యాయుని మూడు సంగతులు అడిగితిని. ఆ పోటీ నెవరు నడపిరి? మీ బడినుండి ఎందరు వ్రాసిరి? పతకములు పొందినవారు మీయొద్ద ఎన్నాళ్లుగా చదువుచున్నారు? ఆయన దాచక చెప్పెను. అది రుసుము గైకొని యొక సంస్థ నడపు పోటీ. ఏ బడిలోనైనను, వ్రాసిన ప్రతి తరగతిలో మొదటివానికి పతకమిచ్చుట దాని పద్ధతి. ఇచ్చట మూడు తరగతులవారు 200 మంది వ్రాసిరి. గెలిచిన ముగ్గురిలో ఇద్దరు ప్రవేశపరీక్షలో ఏరి తీసికొనబడినవారు. వచ్చి యేడాదియైనను కాలేదు.

పోటీలన్నియు ఒక్క తూకమునకు రావు. 1959లో రుమేనియాలో ఆరంభమైన అంతర్జాతీయ గణిత ఒలింపియాడున మన దేశము 1989లో తొలిసారి పాల్గొనెను. దేశమునకు 6 గురికి మించి పోరాదు. రెండు దినములు, దినమునకు నాలుగున్నర గంటలు, మొత్తము 6 లెక్కలు. అచ్చటి పతకము నిజముగా ఘనమైనది. అయినను అది బాలుని ప్రతిభకు సాక్ష్యమైనంతగా బడి బోధనకు సాక్ష్యము కాదు. శ్రీనివాస రామానుజన్ కుంభకోణపు కళాశాలలో ఇతర విషయములందు తప్పి విద్యార్థివేతనము పోగొట్టుకొనెను. ఆయన గణితమును జూచి ఆ కళాశాలను కొలువగలమా?

ఒక్క కంకిని చూచి చేని దిగుబడి చెప్పము. కళ్లమున రాశిని చూతుము. ఏరిన విత్తనము చల్లినవాడు పంట తన సేద్యపు గొప్ప యనిన, విత్తనపు గుణము నెందుకు మరచితివని అడుగుదుము. బడియు నట్టిదే. చేరిననాడు పిల్లవాడెంత యెరుగును, నేడెంత యెరుగును అను తేడాయే బడి చేసిన పని.

అనుమతి గైకొని ఏడవ తరగతిలో వెనుక వరుసనున్న బాలికను, "అరను పావుచే భాగించిన రెండేల వచ్చును?" అని యడిగితిని. "తిరగవేసి హెచ్చింపుమన్నారు" అనెను. పిమ్మట మా మండలములోని ప్రభుత్వ పాఠశాలలోను అదే ప్రశ్న వేసితిని. వెనుక కూర్చున్న బాలుడు కొంత యాలోచించి, "అరలీటరు పాలలో పావులీటర్లు రెండున్నవి గదండీ" అనెను. ఒక్క జవాబుతో తీర్పు తగదని రెండుచోట్లను నోటుపుస్తకములు చూచితిమి. మొదటి బడిలో ఒప్పు, తప్పు గుర్తులే యుండెను. రెండవదానిలో తప్పెక్కడ వచ్చెనో ఉపాధ్యాయుడు వ్రాసియుండెను. అమ్మాయి అచ్చటనే చేరెను. అరయెకరము నిలిచెను.

ప్రైవేటు బడులన్నియు ఇట్టివని నా యభిప్రాయము కాదు. మరియొక ఊర ఫలితము తారుమారు కావచ్చును. పోటీలును చెడ్డవి కావు; ఉత్సాహమున్న పిల్లలను వ్రాయనిండు. అయితే గోడమీది పతకములను లెక్కించుటకు ముందు వెనుక వరుసలోని పిల్లల పుస్తకములు తెరచి చూడుడు. మన బిడ్డ అచ్చట కూర్చుండవచ్చును గదా!