ఆసుపత్రికీ బీమా సంస్థకూ మధ్య మన ఆరోగ్య సమాచారం



రోగికి జ్వరం తగ్గింది. ఇంటికి వెళ్ళవచ్చని డాక్టరుగారు ఉదయమే చెప్పారు. కాని సాయంత్రమైనా మంచం ఖాళీ కాలేదు. ఎందుకు? బీమా సంస్థ నుంచి అనుమతి రాలేదు! ఈ ఆలస్యానికి కారణమేమిటో, దానిని ఎలా తగ్గించవచ్చో ఈ పాఠంలో తెలుసుకుందాం.

నగదు రహిత చికిత్సలో ఆసుపత్రి బీమా సంస్థను ముఖ్యంగా మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఈ రోగికి పాలసీ అమలులో ఉందా? ఈ చికిత్సకు ముందస్తు అనుమతి ఇస్తారా? ఈ బిల్లు చెల్లిస్తారా? ఒక్కో సంస్థకు ఒక్కో పోర్టల్, ఒక్కో ఫారం ఉంటే ఆసుపత్రి సిబ్బంది అవే వివరాలను వేరువేరు పద్ధతుల్లో నింపాలి. ఎక్కడ పొరపాటు జరిగినా సమాధానం ఆగిపోతుంది.

దీనికి పరిష్కారం ఉమ్మడి భాష. వ్యాధుల పేర్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ సంకేతాలను రూపొందించింది. ఐసీడీ-10లో టైఫాయిడ్ జ్వరం సంకేతం ఏ01.0. శ్రీకాకుళంలో రాసినా, ముంబైలో చదివినా అర్థం ఒక్కటే. అలాగే కంప్యూటర్లు పరస్పరం పంపుకునే సందేశాల అమరికకు ‘ఫైర్’ అనే ప్రమాణం ఉంది.

తెలుగువారికి ఇది పూర్తిగా కొత్త విషయం కాదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీలోనే అనుమతులు, క్లెయిములు ఆన్‌లైన్‌లో నడిచాయి. అయితే అది ఒకే పథకం. అనేక బీమా సంస్థలను, ఆసుపత్రులను కలపడానికి నేషనల్ హెల్త్ అథారిటీ జాతీయ హెల్త్ క్లెయిమ్స్ ఎక్స్ఛేంజిని నిర్మించింది. దీనిని తపాలా కార్యాలయంతో పోల్చవచ్చు. కవరు మీది చిరునామా చూసి ఉత్తరం చేరవేస్తుంది, లోపలి ఉత్తరం చదవదు. సమాచారం రహస్య లిపిలో ప్రయాణిస్తుంది.

నగదు రహిత చికిత్స అభ్యర్థనపై గంటలోగా, డిశ్చార్జి సమయపు తుది అనుమతిపై మూడు గంటలలోగా నిర్ణయం చెప్పాలని బీమా నియంత్రణ సంస్థ 2024లో ఆదేశించింది. ఆ గడువులను అందుకోవడానికి ఇటువంటి మార్పిడి ఎంతో తోడ్పడుతుంది.

కాని ఒక్కటి గుర్తుంచుకోండి. వేగం తప్పును సరిదిద్దదు. తప్పుడు సంకేతం కూడా అంతే వేగంగా చేరుతుంది. ఇక రెండవది, గోప్యత. టైఫాయిడ్ బిల్లు చెల్లించడానికి ఆ రోగి ఎప్పుడో తీసుకున్న మానసిక చికిత్స వివరాలన్నీ అవసరమా? సమ్మతితో తీసుకునే సమాచారం చెప్పిన పనికి అవసరమైనంత వరకే ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది.

అందుచేత మీ ఇంట్లోవారు ఆసుపత్రిలో సమ్మతి పత్రంపై సంతకం చేసేటప్పుడు పక్కన కూర్చుని చదివి వినిపించండి. ఏ సమాచారం, ఎవరికి, ఎందుకు వెళుతున్నదో అడగండి. అలా అడిగే హక్కు మీకుంది.