ఆడపిల్లల రక్తపరీక్ష: పెద్దలకు ఒక మనవి

(గుండుగొలనులో జరిగిన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడిలో ఉర్దూ చెప్పుకునే మనిషి ఆడవారి జబ్బు గురించి సభలో మాట్లాడటమేమిటని కొందరికి తోచవచ్చు. నాకూ మొహమాటంగానే ఉంది. కాని నా నోటి నుంచి జారిన ఒక్క మాట వల్ల ఒక ఇంట్లో నెల్లాళ్లు ఎవరికీ ముద్ద దిగలేదు. ఆ బాకీ తీర్చుకోవడానికే నిలబడ్డాను.

నా దగ్గర చదువుకున్న అమ్మాయే. పంతొమ్మిదేళ్లు. నెలసరి రెండు మూడు నెలలకొకసారి వస్తోందని, గడ్డం మీద వెంట్రుకలు మొలుస్తున్నాయని తల్లి ఏలూరు తీసుకువెళ్లి పరీక్షలు చేయించింది. కాగితాలన్నీ ఇంగ్లీషు. "మాస్టర్ సాబ్, ఏం రాశారో కాస్త చదివి చెప్పండి" అంటూ నా దగ్గరకు తెచ్చింది. 'పాలీసిస్టిక్ ఓవరీ' అని ఉంది. సిస్ట్ అనే మాటకు నాకు తెలిసిన ఉర్దూ 'రసౌలీ'. అదే అనేశాను. రసౌలీ అంటే గడ్డ. గడ్డ అనగానే ఆ తల్లి కేన్సరనుకుంది, పిల్ల ఇక గొడ్రాలే అనుకుంది. కుదరబోతున్న సంబంధానికి వాళ్లే వద్దని కబురు పెట్టుకున్నారు. తర్వాత డాక్టరమ్మ దగ్గరకు నేనూ వెంట వెళ్లాను. ఆమె చెప్పింది విని తల దించుకున్నాను. ఆ తర్వాత చదివి తెలుసుకున్నది ఇప్పుడు మీకు చెబుతాను.

అవి గడ్డలు కావు. అండాశయంలో అండాలను మోసే చిన్న చిన్న తిత్తులుంటాయి. నెలకొకటి పెరిగి, పండి, అండాన్ని వదలాలి. ఈ జబ్బులో అవి సగం పెరిగి ఆగిపోతాయి. స్కానింగులో అవే గుంపుగా కనబడతాయి. 1935లో చికాగోలో స్టైన్, లెవెంతాల్ అనే ఇద్దరు డాక్టర్లు ఏడుగురు స్త్రీలలో దీనిని చూసి రాశారు. పేరు అండాశయానిదే అయినా, సంగతి ఒళ్లంతటిది. అందుకే రక్తం పరీక్ష.

రక్తంలో చూసేవి మూడు రకాలని గుర్తుపెట్టుకోండి.

మొదటిది మగ హార్మోను, టెస్టోస్టిరాన్. ఇది ఆడవారిలోనూ కొద్దిగా ఉంటుంది. ఈ జబ్బులో కొందరికి ఎక్కువవుతుంది. మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు దాని పనే. గర్భనిరోధక మాత్రలు వాడుతూ ఉంటే ఈ అంకె సరిగా రాదు. కనుక ఏ మందు వాడుతున్నా దాచకుండా డాక్టరుకు చెప్పాలి.

రెండవది, వేరే జబ్బులు కావని తేల్చుకునే పరీక్షలు. థైరాయిడ్ తేడా చేసినా, ప్రొలాక్టిన్ పెరిగినా నెలసరి తప్పుతుంది. వాటికి మందు వేరు.

మూడవది చక్కెర, కొవ్వు. మనం పట్టించుకోనిది, అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. తిన్న అన్నంలోని చక్కెరను కండరాలలోకి పంపేది ఇన్సులిన్. దాని మాట ఒళ్లు వినకపోతే ఒళ్లే ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాన్ని మగ హార్మోను ఇంకా చెయ్యమని తరుముతుంది. సన్నగా ఉన్న పిల్లలకూ ఇది రావచ్చు. ఈ పరీక్షకు పరగడుపున రక్తం తీసి, 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటలకు మళ్లీ తీస్తారు. అప్పుడు 140 నుంచి 199 వరకు ఉంటే చక్కెర జబ్బు గుమ్మంలో ఉన్నట్టు. 200, ఆపైన ఉంటే లోపలికి వచ్చినట్టే. పరగడుపు అంటే మన రోజా వంటిది కాదు, మంచినీళ్లు తాగవచ్చు. గ్లూకోజు తాగాలి కనుక రంజాన్ నెల దాటాక పెట్టుకుంటే మంచిది. ఒకసారి బాగుందని వదిలెయ్యకుండా, డాక్టరు చెప్పినట్టు ఏడాది నుంచి మూడేళ్లకొకసారి మళ్లీ చూపించుకోవాలి.

ఇంకొక అంకె ఏ.ఎం.హెచ్. అది ఆ చిన్న తిత్తుల నుంచే పుడుతుంది. తిత్తులు ఎక్కువ గనుక ఈ జబ్బులో అదీ ఎక్కువ. 2023లో వచ్చిన అంతర్జాతీయ సూచనల ప్రకారం పెద్దవారిలో స్కానింగుకు బదులు దీన్ని చూడవచ్చు. పదహారు, పదిహేడేళ్ల పిల్లలకు మాత్రం ఈ అంకెతోగాని స్కానింగుతోగాని జబ్బు నిర్ణయించకూడదు. ఆ వయసులో తిత్తులు ఎక్కువ కనబడటం మామూలే. ఈ అంకె పెద్దదైతే పిల్లలు పుట్టరని అర్థం కానే కాదు. అండం విడుదలయ్యేందుకు మందులున్నాయి. ఎందరో తల్లులవుతున్నారు.

ఇది మన ఇళ్లలోనే ఉందా? లేదు. మన రాష్ట్రంలోనే ఒక వసతి కళాశాలలో 15 నుంచి 18 ఏళ్ల 460 మంది ఆడపిల్లలను పరీక్షించి 2011లో వివరాలు ప్రచురించారు. అప్పటి కొలత ప్రకారం 42 మందికి ఉన్నట్టు తేలింది. అంటే నూటికి తొమ్మిది మంది. తరువాత ఈ జబ్బున్న 90 మంది అమ్మాయిలలో సగం మందికి యోగా, సగం మందికి మామూలు వ్యాయామం 12 వారాలు చేయించి మళ్లీ రక్తం చూశారు. యోగా చేసినవారిలో ఇన్సులిన్, టెస్టోస్టిరాన్, ఏ.ఎం.హెచ్. మరింత మెరుగుపడ్డాయి. ఆ పేరు విని ఎవరూ మొహం చిట్లించనక్కరలేదు. ఒళ్లు వంచి శ్రమ చెయ్యడమే అందులో మనం తీసుకోవలసింది. ఆడపిల్లను గడప దాటనివ్వకుండా, మూడు పూటలా అన్నం పెట్టి, పండగకీ పెళ్లికీ మిఠాయి తినిపించి, ఆనక రిపోర్టు చూసి ఏడిస్తే ఏం లాభం? తెల్లవారుజామున తల్లీకూతుళ్లు కలిసి నడిస్తే తప్పేమిటి?

వయసు వచ్చిన మొదటి ఏడాది రెండేళ్లు నెలసరి అటూ ఇటూ కావడం సహజం. మూడేళ్లు దాటాక కూడా 35 రోజులకు మించి ఆలస్యమవుతూ ఉంటే డాక్టరుకు చూపించండి. ఎప్పుడైనా సరే 90 రోజులు దాటితే అసలు ఆగవద్దు. ఏళ్ల తరబడి వదిలేస్తే గర్భసంచి లోపలి పొర మందమై ముప్పు తెస్తుంది.

సంఘం పెద్దలకు నా మనవి ఒక్కటే. మనలో చదువుకున్న అక్కచెల్లెళ్లు ఒకరిద్దరు ముందుకు వచ్చి, ఇటువంటి పిల్లల వెంట ఆసుపత్రికి వెళ్లి, డాక్టరు మాటను సరిగా ఇంటికి చేరవెయ్యాలి. విన్నది నాలుగు గోడలు దాటకూడదు. నాలాంటి సగం తెలిసినవాడు రిపోర్టు చదవకూడదు. ఆ కాగితం బిడ్డను కాపాడుకోవడానికిచ్చిన దారి గుర్తు. పెళ్లిచూపులలో చూపించే సర్టిఫికెట్టు కాదు.

ఆ అమ్మాయి ఇప్పుడు మందులు వాడుతోంది, నడుస్తోంది, చదువుకుంటోంది. మొన్న దారిలో కనబడి, "మాస్టర్ సాబ్, రసౌలీ కాదు కదా!" అని నవ్వింది. ఆ నవ్వు నాకు క్షమాపణ దొరికినంత పని చేసింది.

అల్లాహ్ మన బిడ్డలందరికీ ఆరోగ్యాన్ని, మనకు తెలివిడిని ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.