వలస నిబంధనలు - ఫుట్‌బాలు క్లబ్బులు

ఇంగ్లండు దేశపు ఫుట్‌బాలు క్లబ్బు పరదేశమునుండి ఒక ఆటగానిని తెచ్చుకొనదలచినపుడు అతని ఆటను మాత్రమే చూచిన చాలదు. అతడు ఏ దేశపు పౌరుడో, అతని వయస్సెంతో, అతడు ఇదివరకు ఏ స్థాయి పోటీలలో ఆడెనో కూడ విచారింపవలయును. క్రీడాకారుని నేర్పునకును, ప్రభుత్వపు వలస నిబంధనలకును గల ఈ సంబంధమును మనము కొంత పరిశీలింతము.

ఈ చిక్కు క్రొత్తది కాదు. 1930లో లండనులోని ఆర్సెనల్ క్లబ్బు ఆస్ట్రియా గోల్‌కీపరు రూడి హిడెన్‌ను రప్పింపబూనగా ప్రభుత్వము అనుమతి నిరాకరించినది. మరుసటి సంవత్సరమే అక్కడి ఫుట్‌బాలు అసోసియేషను, పరదేశీయుడు రెండేండ్లు దేశములో నివసించినగాని ఆడరాదని శాసించినది. ఆ కట్టడి 1978 వరకు నిలిచినది. అది తొలగిన ఏడాదిలోనే అర్జెంటీనానుండి ఆర్డిలెస్, విల్లా అను ఇరువురు టాటెన్‌హామ్ క్లబ్బులో చేరిరి. పిదప 1995లో బోస్మన్ అను బెల్జియం ఆటగాని వ్యాజ్యమున యూరపు న్యాయస్థానము చెప్పిన తీర్పుతో, యూరోపియన్ యూనియను పౌరులు ఏ సభ్యదేశపు క్లబ్బులోనైనను సంఖ్యా పరిమితి లేక ఆడుటకు వీలు కలిగినది.

ఈ స్వేచ్ఛ పేరుపొందిన వారికే గాక, పేరులేని యువకులకును దారి చూపినది. స్పెయిను బాలుడు ఫాబ్రెగాస్ 2003లో ఆర్సెనల్‌లో చేరునాటికి అతని వయస్సు 16 ఏండ్లు. ఫ్రాన్సులో రెండవ శ్రేణి లీగున ఆడుచుండిన రియాద్ మహ్రెజ్‌ను లెస్టర్ సిటీ 2014 జనవరిలో అయిదు లక్షల పౌనులకు లోపుగనే తెచ్చుకొన్నది. అప్పటికి ఆయన ఏ జాతీయ జట్టులోను ఆడియుండలేదు. ఫ్రెంచి పౌరుడగుటచే ఆయనకు ప్రత్యేకానుమతితో పని లేకపోయినది. 2016లో లెస్టర్ ప్రీమియర్ లీగు విజేతయైనది. సహక్రీడాకారులు మహ్రెజ్‌నే ఆ ఏటి మేటి ఆటగానిగ ఎన్నుకొనిరి.

బ్రిటను 2020 జనవరి 31న యూరోపియన్ యూనియనునుండి వైదొలగినది. 2021 జనవరి 1 నుండి యూరపు పౌరులకు పూర్వపు స్వేచ్ఛ తొలగినది. అప్పటినుండి ఫ్రాన్సు ఆటగాడైనను, బ్రెజిలు ఆటగాడైనను ఫుట్‌బాలు అసోసియేషను ఆమోదము పొందినగాని వీసాకు అర్హుడు కాడు. గొప్ప జాతీయ జట్లలో తరచుగ ఆడువారికి ఆ ఆమోదము సులభముగనే లభించును. తక్కినవారు 15 పాయింట్లు సంపాదింపవలయును. జాతీయ జట్టులో ఎన్ని ఆటలాడెను, తన క్లబ్బు తరఫున ఎంతసేపు మైదానములో నిలిచెను, ఆ లీగు ఏ అంతస్తుది, ఆ క్లబ్బు ఏ స్థానమున ముగించెను అనునవి అందులోని లెక్కలు.

పిల్లల విషయము మరింత కఠినమైనది. 18 ఏండ్లు నిండనివారు దేశాంతరపు క్లబ్బులో చేరరాదని ఫిఫా నియమము. యూరోపియన్ యూనియను లోపల 16 నిండినవారికి మినహాయింపు కలదు. బ్రిటను ఆ మినహాయింపును కోల్పోయినది. బ్రిటనులో నివసించుటకు హక్కు గల ఐర్లండు బాలురు సయితము అక్కడి క్లబ్బులలో చేరుటకు 18 ఏండ్లు నిండువరకు ఆగవలసి వచ్చినది.

ఇందువలన నష్టపోవునదెవరు? ధనిక క్లబ్బు జాతీయ జట్టులో స్థిరపడినవానిని అధిక ధరకు కొనగలదు. పాయింట్లకు దానికి కొదువ లేదు. చిన్న క్లబ్బునకు డబ్బు తక్కువ. ఎవరికిని కనపడని ప్రతిభను ముందుగ పసిగట్టుటయే దాని మూలధనము. మహ్రెజ్ వంటి యువకునికి నేడు 15 పాయింట్లు దొరకుట కష్టము. పేరు వచ్చిన పిమ్మట అనుమతి దొరకును. కాని అప్పటికి అతని వెల చిన్న క్లబ్బునకు అందదు.

రెండవ పక్షపు వాదమును కూడ మనము వినవలయును. పరదేశీయులతో జట్టు నిండినచో స్వదేశపు బాలునికి చోటెక్కడ? ఈ ప్రశ్న న్యాయమైనదే. 2023 జూన్‌లో చేసిన మార్పు ఈ రెండు పక్షములను కలుప యత్నించినది. పాయింట్లు చాలని పరదేశీయులను పై రెండు శ్రేణుల క్లబ్బులు నలుగురి వరకును, వాటి క్రింది రెండు శ్రేణుల క్లబ్బులు ఇరువురి వరకును చేర్చుకొనవచ్చునని నిర్ణయించిరి. పై శ్రేణులలో ఆ సంఖ్యను, స్వదేశపు ఆటగాండ్రకు క్లబ్బు ఇచ్చిన అవకాశమునుబట్టి లెక్కింతురు. ఇది సమంజసమైన మార్గమని మా అభిప్రాయము.

ఈ సమస్య మన దేశమునకు దూరమైనది కాదు. 2009లో సునీల్ ఛెత్రి లండనులోని క్వీన్స్ పార్క్ రేంజర్స్ క్లబ్బుతో ఒప్పందము కుదుర్చుకొనినను, భారతదేశము ఫిఫా పట్టికలో మొదటి 70 దేశములలో లేదను కారణమున అనుమతి లభింపలేదు. అక్కడ తూచినది ఆయన ఆటను కాదు, ఆయన దేశపు స్థానమును. ఆ లెక్కల రూపము తరువాత మారినది గాని, జాతీయ జట్టు పేరు ప్రతిష్ఠలకు అందులోని ప్రాధాన్యము పోలేదు. హైదరాబాదు మైదానములో ఆడుచున్న బాలుడు రేపు అంతటి నేర్పరియైనను ఆ లెక్కను దాటవలసినదే.

దేశము తన ద్వారమునకు కావలి పెట్టుకొనుట తప్పు కాదు. అయితే ఇదివరకు సంపాదించిన కీర్తితో పాటు, ఇక ముందు వికసింపగల నేర్పును కూడ ఆ కావలివాడు గుర్తింపగలిగి యుండవలయును. అట్లు గాక కీర్తినే కొలతగ నిలిపినచో, పేదక్లబ్బును పేరులేని యువకుడును ఒకరికొకరు దొరకు దారి మూసికొనిపోవును.