మత్తుడైన సారథి – బండినెక్కినవారి బాధ్యత



మన పెద్దలు ప్రయాణమై పోవువారిని సాగనంపుచు "క్షేమముగా వెళ్ళి లాభముగా రండి" అని దీవించెడివారు. ఆ దీవెన నేడు ఊరి పొలిమేరలయందును, లారీల వెనుకను వ్రాయబడి కనబడుచున్నది. వ్రాసినంతమాత్రమున దీవెన ఫలింపదు. బండి నడుపువాని బుద్ధి స్థిమితముగా నున్నప్పుడే ఫలించును. శ్రీరామనవమి కల్యాణమునకును, ముక్కోటి ఏకాదశికిని భద్రాద్రికి వచ్చెడి జనము ఇటు ఖమ్మము, కొత్తగూడెము, పాల్వంచ దారినను, అటు కుంట, చింతూరు దారినను, చర్ల, దుమ్ముగూడెము దారినను అడవి దాటియే రావలెను, దాటియే పోవలెను. కావున మద్యము సేవించి వాహనము నడుపుటను గూర్చి శాస్త్రమేమి చెప్పుచున్నదో, అందులో మన వంతు ఎంతయున్నదో నేడు మనవి చేయదలచినాను.

"మన వంతు" అని ఎందుకన్నాననగా, ఈ ప్రసంగము రాగానే అందరును త్రాగెడివాని వైపు చూతురు. "నేను త్రాగను గదా, నాకేమి?" అని ఊరకుందురు. శాస్త్రము మనలను అట్లు ఊరకుండనీయదు.

కఠోపనిషత్తు శరీరమును రథముతో పోల్చినది. ఆత్మ రథమునందు కూర్చున్నవాడు. బుద్ధి సారథి. మనస్సు పగ్గము. ఇంద్రియములు గుర్రములు. మద్యము మొట్టమొదట ఎవరిని పట్టును? గుర్రములను గాదు, సారథిని. వైద్యులు చెప్పు మాటయు ఇదియే. త్రాగినవానికి కాళ్ళు తడబడుటకు ముందే మంచిచెడ్డల విచక్షణ సడలును. అందుచేతనే "నాకేమియు కాలేదు, నేను బాగుగనే నడుపగలను" అని వాడనును. వాడు అబద్ధమాడుట లేదు. తూచవలసిన త్రాసే చెడినది. చెడిన త్రాసు తన లోపమును తాను తూచుకొనజాలదు. కనుక ఆ క్షణమున వాని మాట ప్రమాణము కాదు, ప్రక్కనున్నవాని మాటయే ప్రమాణము.

కడుపులోనికి పోయిన మద్యము రక్తమున కలిసి మెదడును చేరును. దానిని విరిచి బయటకు పంపు పని ముఖ్యముగా కాలేయముది. అది తన నెమ్మది నడకనే పని చేయును. మజ్జిగ, నిమ్మరసము, కాఫీ, చన్నీటి స్నానము, ఇవేవియు దానిని తొందరపెట్టజాలవు. రాత్రి మితిమీరి త్రాగినవాని రక్తమున తెల్లవారినను మద్యము మిగిలియుండవచ్చును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా సాగిపోవును. మన అడవి దారులలో వీధిదీపము లేదు. మలుపు దాటగానే రోడ్డుమీద పండుకొన్న పశువు, వెనుక దీపములేని ట్రాక్టరు, నడచిపోవు కూలిజనము ఎదురగుచుందురు. ఆ ఒక్క సెకను ఆలస్యములో ఎవరి ప్రాణమున్నదో ఆలోచింపుడు.

వెనుకటి కాలమున ఎడ్లబండి తోలువాడు సంతలో కల్లు త్రాగి బండిలో ఒరగి నిద్రించినను ఎడ్లకు ఇంటిదారి తెలియును. అవి గోతిని చూచి ఆగును, ఎదుటివానిని చూచి తొలగును. తోలువాని బుద్ధి నిద్రించినను బండికి రెండు బుద్ధులు మేలుకొనియున్నవి. ఇప్పపూవు రాలు కాలమున గూడెములో ఇప్పసారా త్రాగినవాడు కాలినడకన ఇల్లు చేరును. పడినచో వాని మోకాలే చిట్లును. నేడు అదే మనుష్యుడు మోటారుసైకిలు ఎక్కుచున్నాడు. పట్టణమున బారునుండి వెడలి కారెక్కు చదువుకొన్నవాని స్థితియు వేరు కాదు. యంత్రమునకు ఇంటిదారి తెలియదు. వెనుకటి త్రాగుడు త్రాగినవానిని పడవేసినది. నేటి త్రాగుడు త్రాగనివానిని పడవేయుచున్నది. మద్యపానము ఎప్పుడును దోషమే. బండిపై నెక్కినప్పుడది హింస యగుచున్నది.

ఇక శాస్త్రము మాట వినుడు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున బండ్లవలన కలుగు హింసను గూర్చిన విచారణ కలదు. ముక్కుత్రాడు తెగుట, కాడి విరుగుట, ఇరుసు విరుగుట, చక్రము విరుగుట, తోలువాడు "తొలగుడు, తొలగుడు" అని కేకవేసినను హాని జరుగుట మొదలైన పది సందర్భములలో దండన లేదని మొదట చెప్పినాడు. దైవికముగా జరిగినదానికి మనిషిని దండింపరాదని భావము. తరువాత, తోలువాని లోపముచేత బండి దారి తప్పి హింస జరిగినచో యజమానునికి 200 పణముల దండన విధించినాడు. తోలువాడు సమర్థుడైయుండియు హాని చేసినచో దండన వానిదే. మూడవ మాట మిక్కిలి శ్రద్ధతో వినదగినది. తోలువాడు అనాప్తుడైనచో ఆ బండిలో కూర్చున్న వారందరును తలకు నూరు పణముల చొప్పున దండింపదగినవారట!

ఇచట "ఆప్తుడు" అను పదమును కొంచెము విచారింపవలెను. తెలుగున ఆప్తుడనగా మనకు కావలసినవాడు, దగ్గరి మిత్రుడు. సంస్కృతమున ఆప్తుడనగా నమ్మదగినవాడు, తన పనియందు సమర్థుడు. మన ప్రమాదములకు మూలము ఈ రెండు అర్థములను కలగాపులగము చేసికొనుటయే. "మనవాడే గదా, కాదనిన నొచ్చుకొనును" అని బండి ఎక్కుచున్నాము. వాడు తెలుగున ఆప్తుడే కావచ్చును. త్రాగియున్న వేళ సంస్కృతమున అనాప్తుడు. ఎక్కినవానికి మనువు దండన వేసినది ఈ మొగమాటమునకే.

పంచమహాపాతకములు మీరందరును వినియున్నవే. బ్రహ్మహత్య, సురాపానము, స్వర్ణస్తేయము, గురుతల్పగమనము అని నాలుగు. అయిదవది వేరొక దుష్కార్యము కాదు. ఆ నాలుగింటిని చేసెడివానితో సంసర్గము, అనగా కూడియుండుట. తాను త్రాగకపోయినను, త్రాగినవానిని వారింపక వానితో కలిసి నడచువాడు లెక్కలోనికి వచ్చినాడు.

ఇది పాతకాలపు మాట యనుకొనకుడు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 185వ సెక్షను ప్రకారము 100 మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములకు మించి మద్యమున్నవాడు వాహనము నడుపుట నేరము. 2019 సవరణ పిమ్మట మొదటి తప్పునకు ఆరు నెలలవరకు చెరసాల గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. మరల చేసినచో రెండేండ్లవరకు చెరసాల గాని, 15,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని. అదే చట్టమున 188వ సెక్షను, ఆ నేరమునకు ప్రోత్సహించినవానికిని నేరము చేసినవానికి చెప్పిన శిక్షయే వర్తించునని చెప్పుచున్నది. ధర్మశాస్త్రమును, నేటి చట్టమును ఈ ఒక్క విషయమున ఎంత సన్నిహితముగా నున్నవో చూడుడు.

మన తెలుగునాట జరిగినవి రెండు చెప్పెదను. 2016 జులై 1న హైదరాబాదు పంజాగుట్టలో మద్యము సేవించి వచ్చుచున్న విద్యార్థుల కారు అదుపుతప్పి, నడిమి గట్టు దాటి, వేరొక కారుపై పడినది. అందులోని ఒక చిన్నారి బాలికయు, ఆమె బంధువులును ప్రాణములు కోల్పోయిరి. త్రాగి నడిపినవాని కారులో వాడొక్కడే లేడు, మిత్రబృందమున్నది. అందులో ఒక్కడు ఆ తాళముచెవి పుచ్చుకొనియుండినచో ఆ బిడ్డ బ్రతికెడిది.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు సమీపమున చిన్నటేకూరు వద్ద హైదరాబాదు నుండి బెంగళూరు పోవు బస్సు, దారిలో పడియున్న ఒక మోటారుసైకిలును ఈడ్చుకొనిపోగా నిప్పంటుకొని దగ్ధమైనది. నిద్రలోనున్న ప్రయాణికులు 19 మంది ఆహుతియైరి. ఆ మోటారుసైకిలు నడిపినవాడు అంతకుముందే అదుపుతప్పి పడి మరణించినాడు. అతడు మద్యము సేవించియున్నట్లు పరీక్షలలో తేలినదని పోలీసులు ప్రకటించిరి. బస్సు విషయమున వేరు లోపములును బయటపడినవి, నిజమే. కాని ఆ బండి దారిలో పడుటకు మూలమేమి? ఒక ద్విచక్రవాహనము, ఒక రాత్రి, ఒక త్రాగుడు. తానెరుగని, తన్నెరుగని అంతమంది ఇండ్లలో దీపములారిపోయినవి.

మహాభారతము ఆదిపర్వమున కచుని కథ కలదు. అసురులు కచుని చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి శుక్రాచార్యులకిచ్చిరి. అంతటి జ్ఞానియు తెలియక త్రాగినాడు. ఆ పాత్రలో ఉన్నది తన ప్రియశిష్యుని ప్రాణము! తెలిసిన పిమ్మట ఆయన సురాపానమును శపించినాడు. ఈ కథ మనకు చెప్పు నీతి యేమనగా, పాత్ర ఎత్తిన వేళ అందులో ఎవరి ప్రాణము కలిసియున్నదో త్రాగువానికి తెలియదు. మౌసలపర్వమున ద్వారకలో మద్యము చేయరాదని చాటింపు వేయించిన యాదవులే ప్రభాసతీర్థమున త్రాగి, మాటకు మాట పెరిగి, ఒకరినొకరు చంపుకొనిరి. యాత్రకు పోయిన చోటనే ఆ వినాశము జరిగినదని యాత్రికులు గుర్తుంచుకొనవలెను.

చట్టములు చేసినచో చాలదా యందురా? నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఆరంభించిన సారా వ్యతిరేకోద్యమము రాష్ట్రమంతయు వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధమునకును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసినది. 1997లో ఆ సంపూర్ణ నిషేధము సడలింపబడినది. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మద్యము దుకాణములుండరాదని తీర్పు చెప్పినది. మరుసటి యేట అందులోను సడలింపులు వచ్చినవి. ప్రభుత్వ శాసనము బిగియును, సడలును. ఇంటి కట్టుబాటును సడలించువాడు బయట ఎవడును లేడు, మనమే. దూబగుంట తల్లులు మనకు నేర్పినదియు అదియే. అన్యాయమును చూచి మొగమాటపడక నిలువవలెను.

కావున చేయవలసినది చెప్పెదను. పెండ్లికి, జాతరకు, యాత్రకు బండి మాట్లాడుకొన్నవారు డ్రైవరునకు అన్నము పెట్టుడు, నిద్రింప చోటు చూపుడు. మర్యాద పేరిట సీసా ఇయ్యకుడు. బండి యజమానులారా! తాళముచెవి ఇచ్చుటకు ముందు వాని ముఖము చూచి, మాట విని ఇండు. ఇంటికి వచ్చిన చుట్టము త్రాగియున్నచో చాప పరచి ఆ రాత్రి అక్కడనే పండుకొనబెట్టుడు. నొచ్చుకొన్న చుట్టమును మరునాడు సముదాయింపవచ్చును, చచ్చినవానిని సముదాయింపలేము. నడుపువాని నోట వాసన వచ్చినచో ఎక్కినవారందరును దిగుడు. నడుమ అడవి వచ్చినను, రాత్రియైనను, మరియొక బండి వచ్చువరకు దారి ప్రక్కన నిలువుడు. అమ్మలారా! పసిబిడ్డ మీ ఒడిలో ఉన్నప్పుడు భర్తయైనను, సోదరుడైనను, "నీవు దిగినగాని నేను ఎక్కను" అనుటకు మీకు సంపూర్ణమైన అధికారము కలదు. అది ధిక్కారము కాదు, ధర్మము.

సుమంత్రుడు శ్రీరాముని గంగాతీరమున విడిచి, ఖాళీ రథముతో అయోధ్యకు మరలినాడు. గుండె పగులు దుఃఖములోను ఆ వృద్ధసారథి పగ్గము విడువలేదు. అప్పగింపబడిన రథమును తిరిగి అప్పగించినాడు. మన బండ్ల సారథులకు ఆ స్థిరబుద్ధియు, ఎక్కువారికి దిగగల ధైర్యమును కలుగుగాక!

స్వస్తి.