గది చిన్నదా, నిండి ఉందా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నా పని స్కానింగ్ బొమ్మలు చదవడం. సభలో వైద్యం మాట్లాడితే అందరికీ నిద్రొస్తుందని మిత్రులు ముందే హెచ్చరించారు. అందుకే మన బడిలో నేర్చుకున్న ఒక లెక్క గురించి చెబుతాను.

ముక్కు చుట్టూ ఎముకల్లో మనకు నాలుగు జతల గాలి గదులున్నాయి. వాటినే సైనస్‌లు అంటాం. చెంపల్లో ఉండేవి అన్నిటికన్నా పెద్దవి. పెద్దవాళ్లలో ఒక్కొక్కటి సుమారు 15 మిల్లీలీటర్లు, అంటే మూడు టీ చెంచాలు. మనిషికీ మనిషికీ తేడా బాగానే ఉంటుంది.

నీళ్లు పోసి కొలవలేని గదిని ఎట్లా కొలవాలి? 1971లో లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సి.టి. యంత్రంతో మొదటిసారి ఒక రోగి తలను స్కాన్ చేశారు. అది తలను పలుచని పొరలుగా చూపిస్తుంది. ఒక్కో పొరలో గది వైశాల్యం కొలిచి, పొర మందంతో గుణించి, అన్నీ కూడితే ఘనపరిమాణం వస్తుంది. 17వ శతాబ్దపు ఇటలీ గణితవేత్త కవలియేరి చెప్పిన సూత్రమే దీనికి ఆధారం. మన జూరాలలో ఎన్ని నీళ్లు పడతాయో లెక్క కట్టేదీ ఇట్లాగే. ఒక్కో మట్టం దగ్గర వైశాల్యం తీసుకుని కూడుకుంటూ పోతారు.

స్కానులో నీటికి 0, గాలికి మైనస్ 1000 అంకె. గాలి అంకెలున్న చుక్కలను లెక్కపెట్టమంటే కంప్యూటర్ క్షణంలో చెబుతుంది. శిక్షణ రోజుల్లో నేను అట్లాగే కొలిచాను. ఒక రోగికి ఎడమ 14, కుడి 8 మిల్లీలీటర్లు వచ్చింది. కుడి సైనస్ పుట్టుకతోనే చిన్నదని రాసేశాను.

మా మేడమ్ చూసి ఒకటే అడిగారు. "గది చిన్నదా, నిండి ఉందా?"

ఎముక గోడ వెంబడి గీత గీసి మళ్లీ కొలిచాను. రెండు గదులూ దాదాపు సమానం. కుడిదాంట్లో పొర వాచి, చీము చేరింది. నేను కొలిచింది గదిని కాదు, అందులో మిగిలిన గాలిని. ఆ రిపోర్టు అట్లాగే పోయి ఉంటే జబ్బును పుట్టుక కింద వదిలేసేవాళ్లు.

జూరాల మొదటి సామర్థ్యం 11.94 టీఎంసీలు. ఇప్పటి లెక్క సుమారు 9.66. కట్ట కదల్లేదు, అడుగున పూడిక చేరింది. రెండు అంకెలూ నిజమే, కానీ రెండు వేరు ప్రశ్నలకు జవాబులు.

ఇంకో చిక్కుంది. సైనస్ ముక్కులోకి తెరుచుకునే చోట ఎముక గోడ ఉండదు. అక్కడ హద్దు మనమే గీయాలి. అందుకే ఇద్దరు విడివిడిగా కొలిచి పోల్చుకుంటారు. హద్దు ఎక్కడ గీశారో చెప్పని కొలత పనికిరాదు.

జవాబు పక్కన ప్రమాణం రాయకపోతే మన లెక్కల సారు మార్కులు కోసేవారు. ఆయన ఎందుకు కోశారో నాకు ఆ రోజు అర్థమైంది.

చివరగా ఒక్క మాట. ఏటా మనం పదో తరగతి పాస్ శాతం చూసి సంతోషిస్తాం. అది పరీక్ష రాసినవాళ్ల లెక్క. ఆరులో చేరి, మధ్యలో సీడు పత్తి చేలకు పోయిన పిల్లలు అందులో లేరు. మన సంఘం ఈ ఏడాది నుంచి ఆరులో చేరినవాళ్లందరినీ లెక్కలోకి తీసుకోవాలని నా మనవి. గోడ దాకా కొలుద్దాం.

సెలవు.